అద్దం పెట్టిన కత్తి

“అంటే, దీంతో ఉల్లిపాయలు తరిగావన్నమాట!”

బావగారు ఆ మాట అనడం అది నాలుగోసారి. మొదటిసారి నమ్మలేక అన్నారు. రెండోసారి నిప్పులు చెరుగుతూ అన్నారు. మూడోసారి ఎవరితోనూ కాకుండా గోడతో అన్నారు. ఈసారి మాత్రం గొంతులో ఏడుపు జీర పలికింది.

చిన్నకోడలు వంటగది గుమ్మంలో తల వంచుకుని నిలబడింది. ఏం చెబుతుంది? తరిగింది. నలభై భోజనం డబ్బాలకు సరిపడా తరిగింది. ఆ ఊపులోనే నిమ్మకాయలు కూడా కోసింది. ఆ సంగతి ఇంకా బయటపెట్టలేదు, అంతే తేడా.

తువ్వాలులో చుట్టిన కత్తిని బావగారు రెండు చేతుల మీదా పెట్టుకుని ఉన్నారు. మామగారు ఏడు నెలలు కూర్చుని చేసిన కత్తి అది. నల్లటి కొమ్ము పిడి, దాని మీద వెంట్రుకంత ఇత్తడి తీగతో పొదిగిన లత, లత చివర మెడ వెనక్కి తిప్పి చూస్తున్న చిలక. పిడి నుంచి సాగిన ఉక్కు అలుగు మీద చెరువు నీటిని గాలి కదిపినట్టు సన్నటి గీతలు. మూడేళ్ళుగా హాల్లో అద్దాలపెట్టెలో, ఎర్ర మఖమలు మీద పడుకుని, వచ్చినవాళ్ళందరిచేతా ఆహా ఓహో అనిపించుకుంది. పొద్దున ఎనిమిదింటిదాకా వెండిలా మెరిసిన ఆ అలుగు ఇప్పుడు నీలంగా, నల్లగా మచ్చలు పడి ఉంది.

“మామూలు కత్తి విరిగిపోయింది బావగారూ,” అంది చిన్నకోడలు నెమ్మదిగా. “పదకొండింటికల్లా డబ్బాలు వెళ్ళాలి. నలభైమంది ఆకలితో కూర్చుంటారు. కొట్లు తెరిచేదాకా ఆగితే…”

“పక్కింట్లో అడగొచ్చుగా!”

“అడిగాను. వాళ్ళ కత్తికి వెన్న కూడా తెగలేదు.”

“నవ్వొస్తోందా నీకు?”

“లేదండీ.”

నిజంగానే రావడం లేదు. 

“మూడింటికి నాన్న వస్తారు,” అన్నారు బావగారు లెక్కపెడుతూ. “కళ్ళకి కట్టు విప్పేశారట. ఇంటికి రాగానే ముందు ఈ కత్తే చూస్తానన్నారని తమ్ముడు ఆసుపత్రి నుంచి ఫోన్ చేసి మరీ చెప్పాడు. నాలుగింటికి కత్తిని తీసుకెళ్ళడానికి ప్రదర్శనశాల ఆయన వస్తాడు. ఆహ్వానాలు కూడా అచ్చయ్యాయి. వాళ్ళకేం చూపించను? నాన్నకేం చూపించను? ఈ మాడిన గరిటెనా?”

ఆయన కత్తిని ఓ చేతిలోకి మార్చుకుని చొక్కా జేబు తడుముకున్నారు.

“అసలు తాళం ఎలా తీశావు?”

అదిగో, ఆ ప్రశ్న కోసమే పొద్దుటినుంచీ చిన్నకోడలు బిక్కుబిక్కుమంటోంది. బావగారు ఒక ఆఫీసులో పాత కాగితాల గదికి పెద్ద. కాగితమైనా, కత్తైనా, పంచదార డబ్బా అయినా, ఆయన చేతికి వచ్చిందంటే భద్రం కావలసిందే. వీధిలోవాళ్ళు చాటుగా ఆయన్ని తాళాలాయన అంటారు. అద్దాలపెట్టె తాళంచెవి ఆయన చొక్కా జేబులోంచి తనంతట తాను నడిచి రాదు కదా!

పొయ్యి పక్కన తోడికోడలు గిన్నె తోముతోంది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది.

“నేనే తీశాను,” అంది చిన్నకోడలు.

“అదే, ఎలా?”

 గిన్నె చప్పుడు మరి కాస్త పెరిగింది.

బావగారికి ఉన్నట్టుండి ఏదో తట్టింది. “నిమ్మకాయ! ఇత్తడి బిందెకి నిమ్మచెక్క రుద్దితే తళతళలాడదూ? తెండి, తెండి!”

“బావగారూ, నిమ్మకాయ మాత్రం వద్దండీ…”

“నువ్వింక మాట్లాడకు. చేసింది చాలు.”

ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, నిమ్మచెక్క తీసుకుని, పళ్ళు బిగించి అలుగంతా రుద్దారు. రెండు నిమిషాలు తృప్తిగా రుద్దారు. తుడిచి వెలుతురులో పెట్టి చూశారు. అక్కడక్కడ మిగిలిన తెలుపు కూడా పోయి, కత్తి కొస దాకా నల్లబడింది.

కొంప మునిగినట్టే నిలబడిపోయారు పాపం. తరవాత కత్తిని బల్ల మీద పెట్టి హాల్లోకి వెళ్ళి కూర్చున్నారు. 

పెరట్లో, మామగారి కొలిమి కొట్టు ముందు, ఇటుకల కుప్ప ఉంది. నాలుగు రోజుల క్రితం బావగారు ఇద్దరు పనివాళ్ళను పెట్టి కొట్టులో ఏదో చేయించారు. ఏమిటని అడిగితే, “నాన్న చెప్పిన పనే” అని తాళం వేసేశారు. చిన్నకోడలు వెళ్ళి ఆ ఇటుకల మీద కూలబడింది. లేచేసరికి బట్టలకి ఇంత మసి అంటుకుంటుందని అప్పుడామెకు తెలియదు. తెలిసినా కూర్చునేదే.

ఆమె బాధ మచ్చ గురించి కాదు. మచ్చ పోతే పోతుంది, లేకపోతే లేదు. ఆమె బాధంతా మామగారి ముఖం గురించి.

ఆ కత్తి ఆమెకోసం చేసినదే. అద్దాలపెట్టెలో, కత్తి పక్కనే, బావగారి ముత్యాల్లాంటి అక్షరాలతో ఒక చీటీ కూడా ఉండేది. ‘చిన్నకోడలికి మామగారి కానుక’ అని. కానుక తనది, తాళం బావగారిది. డబ్బాల వ్యాపారం మొదలుపెట్టిన కొత్తలో, ఆమె చేతిలోని మొద్దు కత్తి చప్పుడు వినలేక ఆ పెద్దాయన కొలిమి ముందు కూర్చున్నాడని ఇంట్లో అందరికీ తెలుసు. అప్పటికే ఆయన కళ్ళకి పొరలు కమ్ముతున్నాయి. అయినా పట్టువదలకుండా చేశాడు. తీరా చేశాక ఆ కత్తి ఆమె చేతికి రానే లేదు. తిన్నగా అద్దాలపెట్టెలోకి వెళ్ళింది.

పెట్టె వచ్చిన రోజు ఆమెకి ఇప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. మామగారు గోడ పట్టుకుని హాల్లోకి వచ్చి, అద్దాన్ని రెండు చేతులతో తడిమాడు. “ఊఁ” అన్నాడు. వెళ్ళి మంచమెక్కాడు. అంతే. అసలే మాట పొదుపు మనిషి. ఆ రోజు నుంచి మరీ నోరు కట్టేసుకున్నాడు. కొలిమి వైపు కూడా వెళ్ళలేదు. కళ్ళకి ఆపరేషన్ చేయించుకోమంటే, “కత్తి చేయనివాడికి కళ్ళెందుకు?” అన్నాడు. చిన్నకొడుకు బతిమాలీ బెదిరించీ పోయిన వారమే ఒప్పించగలిగాడు.

నా చేతుల మీద ఆయనకి నమ్మకం లేదు, అందుకే చూసుకోవడానికి మాత్రం ఇచ్చాడు అని ఆమె మూడేళ్ళుగా మింగుతూ వచ్చింది. ఇవాళ ఆ అపనమ్మకం నిజమని తనే చేజేతులా రుజువు చేసిపెట్టింది.

తోడికోడలు వచ్చి పక్కన కూర్చుంది. 

“నా పేరు ఎందుకు చెప్పలేదే?” అంది.

“చెప్తే ఏం ఒరుగుతుంది అక్కా? ఇద్దరికీ తిట్లు.”

“తాళంచెవి ఇచ్చింది నేను. ఆయన స్నానానికి వెళ్తే చొక్కా జేబులో చెయ్యిపెట్టింది నేను. పైగా ‘కొయ్యవే, కత్తి ఉన్నది కొయ్యడానికే’ అని డైలాగులు కొట్టింది కూడా నేనే.” ఆమె ముక్కు ఎగబీల్చింది. “ఎలా కోసిందే, నిజం చెప్పు?”

చిన్నకోడలు ఇంత దిగులులోనూ కొంచెం వెలిగింది. “పిడి చేతిలో పెట్టుకుంటే నా చేతికి కొలత తీసుకుని చేసినట్టుంది అక్కా. బరువే తెలియలేదు. కానీ…”

“కానీ?”

“చివర్లో ఎక్కడో పట్టేస్తోంది. సగం దాకా సాఫీగా దిగి, అక్కడ ఆగుతోంది.”

“ఆ మాట మాత్రం మామగారి దగ్గర అనకు తల్లీ!”

వీధిలో ఆటో ఆగిన చప్పుడైంది.

నల్లకళ్ళద్దాలతో, చిన్నకొడుకు భుజం మీద చెయ్యి వేసి, మామగారు లోపలికి వచ్చాడు. గుమ్మంలోనే ఆగి కళ్ళద్దాలు కొంచెం పైకెత్తాడు. పెద్దకొడుకుని తేరిపార చూశాడు.

“ఒరేయ్ పెద్దోడా, జుట్టేదిరా?”

“ఊడిపోయింది నాన్నా.”

“మూడేళ్ళలో ఎంత పని జరిగింది!” అన్నాడు మామగారు. చిన్నకొడుకు కిసుక్కున నవ్వాడు. బావగారు నవ్వలేదు. ఆయన హాల్లో అద్దాలపెట్టెకి అడ్డంగా నిలబడి ఉన్నారు.

“పక్కకి జరుగు. కత్తి చూడనీ.”

“అదీ… మెరుగుకి పంపించాను నాన్నా. ప్రదర్శనశాలకి వెళ్ళాలి కదా.”

“ఎవరి దగ్గరికి?”

“ఒకాయన ఉన్నాడు.”

“ఎవరా ఒకాయన?”

 కాగితం మీద అబద్ధం ఎక్కడుందో చూడగానే పట్టేసే మనిషికి నోటితో అబద్ధం ఆడటం చేతకాదు. అది చూసి చిన్నకోడలికే జాలేసింది. బల్ల మీది కత్తి తీసుకుని తిన్నగా వచ్చి మామగారి ఎదుట నిలబడింది.

“ఎక్కడికీ పంపలేదు మామయ్యగారూ. నేను వాడాను. ఇలా అయింది. తప్పు నాదే.”

“తాళం నేనిచ్చాను,” అంది వెనక నుంచి తోడికోడలు ఒక్క గుక్కలో.

బావగారు భార్య వైపు తిరిగి నోరు వెళ్ళబెట్టారు. ఆమె ఇటువైపు గోడ మీద క్యాలెండరు చూస్తూ నిలబడింది.

మామగారు కత్తి అందుకున్నాడు. కళ్ళద్దాలు నుదుటి మీదికి నెట్టాడు. తలుపు దగ్గరికి నడిచి, ఎండలో అలుగుని అటూ ఇటూ తిప్పి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

“ఉల్లిపాయలు,” అన్నాడు. మళ్ళీ వాసన చూశాడు. “నిమ్మకాయలు. కోశారా, రుద్దారా?”

“నేను కోశాను.”

“నేను రుద్దాను,” అన్నారు బావగారు చిన్న గొంతుతో.

మామగారు ఇంకా కత్తినే చూస్తున్నాడు. చిన్నకోడలు ఆయన ముఖం వైపు చూసే ధైర్యం లేక ఆయన చేతులవైపే చూస్తోంది. బొటనవేలు మచ్చల మీద మెల్లగా జరుగుతోంది, నొప్పి ఉన్నచోట రాసినట్టు.

“ఎలా కోసింది?”

ఆ ప్రశ్న ఎవరూ ఊహించలేదు. తోడికోడలు వెనక నుంచి ఆమె భుజం గిల్లింది. బావగారు ‘బాగా కోసిందని చెప్పు’ అన్నట్టు కళ్ళు పెద్దవి చేశారు.

కానీ అడిగినవాడు కత్తి చేసినవాడు. ఆయనతో కత్తి గురించి అబద్ధం ఆడాలనిపించలేదు ఆమెకి.

“పిడి ప్రాణంలా ఉంది మామయ్యగారూ. కానీ కోస్తుంటే చివర్లో పట్టేస్తోంది.”

“ఏమ్మా!” అని అరిచారు బావగారు. “పాడుచేసిందికాక, వంకలు కూడానా!”

“నువ్వాగు.” మామగారి కనుబొమలు ముడిపడ్డాయి. “పట్టేసిందా? ఎందుకు పడుతుంది? పడే కత్తి కాదే అది.” కోసే అంచు, ఆ వాదర మీద గోరు ఆనించి కొస దాకా లాగాడు. ఆయన ముఖం మారిపోయింది. “ఒరేయ్ పెద్దోడా, దీనికి అద్దం పెట్టించి కోడలికివ్వమన్నానా లేదా?”

“పెట్టించానుగా నాన్నా!”

“ఎక్కడ పెట్టించావు?”

“అదేమిటి నాన్నా అలా అంటారు? ఇదిగో!” బావగారు నొచ్చుకుంటూ పక్కకి జరిగి చెయ్యి చాపి చూపించారు. “మంచి చట్రం, మందపాటి అద్దం, ఇత్తడి తాళం. ఊళ్ళోకెల్లా పెద్ద అద్దాల కొట్టులో, దగ్గరుండి కొలిపించి…”

ఆయన గొంతు ఎక్కడో ఆగిపోయింది. ఎందుకంటే తండ్రి ఆయన్ని అలా చూస్తున్నాడు.

“అద్దం పెట్టించడమంటే…” మామగారు ఒక్కో మాటా విడదీసి అన్నాడు. “సానాయన దగ్గరికి తీసుకెళ్ళి, సన్నరాయి మీద వాదరని అద్దంలా కనిపించేదాకా నూరించడంరా! ఆఖరి పదును! నా కళ్ళు ఆనక, ఆ ఒక్క పనీ వాణ్ణి చేసిపెట్టమన్నాను. నువ్వు కత్తికి కిటికీ కట్టించావా?”



మొదట చిన్నకొడుకు నవ్వాడు. తరవాత తోడికోడలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, అయినా ఆగలేదు. నవ్వి నవ్వి గోడకి ఆనుకుంది. “మూడేళ్ళండీ! మూడేళ్ళుగా వారం వారం ఆ అద్దం నాచేత తుడిపించారు!”

మామగారు కుర్చీలో కూలబడి, కళ్ళు నలుపుకోకూడదని డాక్టరు చెప్పింది గుర్తొచ్చి చెంపలు నలుపుకున్నాడు. “అందుకా సానాయన నాతో మాట్లాడటం మానేశాడు! నా ఆఖరి కత్తి తన దగ్గరికి పంపలేదని అలిగాడన్నమాట. ఏం తప్పు చేశానురా భగవంతుడా అని మూడేళ్ళు బుర్ర బద్దలుకొట్టుకున్నాను.”

చిన్నకోడలు మాత్రం నవ్వలేదు. “మరి, పెట్టె వచ్చిన రోజు మీరేమీ అనలేదేం మామయ్యగారూ?”

“ఏమంటాను? పదునుపెట్టి నీకిచ్చే ఉంటాడనుకున్నాను. నువ్వే చేతికి నప్పక, పారేయడానికి మనసొప్పక, అలంకారంగా పెట్టుకున్నావనుకున్నాను.” ఆయన తన అరచేతుల వంక చూసుకున్నాడు. “నలభై ఏళ్ళు కత్తులు చేశానమ్మా. ఇంట్లో పిల్ల చేతికి పనికొచ్చే కత్తి చేయలేకపోయాక ఇంకెవరికి చేస్తాం అనిపించింది. అక్కడితో మానేశాను.”

“నేనేమో…” ఆమె కత్తి వైపు చూసింది. “నా చేతికి తగదనుకుని మీరే అద్దంలో పెట్టించారనుకున్నాను.”

ఆయన అప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు ఆమెని చూశాడు. నిజానికి చూపు వచ్చాక మొదటిసారే. మూడేళ్ళలో ఆమె కళ్ళ కింద చేరిన నలుపు ఆయనకి ఇవాళే కనిపించింది.

“పిచ్చిపిల్లా,” అన్నాడు. “నీ చేతి కొలత నాకెలా తెలిసిందనుకున్నావు? మంచినీళ్ళ గ్లాసు ఇచ్చినప్పుడల్లా నీ పిడికిలి చూసి చేశాను.”

ఆమె అక్కడే నేల మీద కూర్చుని హాయిగా ఏడ్చేసింది. మూడేళ్ళ బరువు దిగిపోతుంటే ఆపుకోవాలని కూడా అనిపించలేదు. తోడికోడలు కొంగుతో ఆమె ముఖమూ, పనిలో పనిగా తన ముఖమూ తుడిచింది.

“మరి ఆ మచ్చ?” అన్నారు బావగారు. ఆయనకి ఇంకా ప్రాణం కుదుటపడలేదు.

“మచ్చేమిటిరా! మంచి ఉక్కుకి పని తగిలితే వచ్చే రంగది. ఒకసారి పట్టిందంటే తుప్పుని దగ్గరికి రానీయదు. మెరుస్తూ కూర్చున్న కత్తిని చూస్తే నాకు జాలేస్తుంది. ఇదిగో, ఇప్పుడు కత్తిలా ఉంది,” అంటూ ఆయన దాన్ని చిన్నకోడలి చేతికిచ్చాడు.

బావగారు అమ్మయ్య అని ఊపిరి పీల్చుకునేలోపే తలుపు చప్పుడైంది.

ప్రదర్శనశాల ఆయన సన్నగా, శుభ్రంగా, తెల్లటి చేతితొడుగులతో వచ్చాడు. లోపల మెత్త కుట్టిన ఒక పెట్టె చంకలో ఉంది. కత్తిని చూడగానే ఆయన ముఖం పాలిపోయింది. “అయ్యో, ఏమిటిది! ఫరవాలేదు, మా దగ్గర మందులున్నాయి, మచ్చలు తీయిస్తాం. ఈ చిలకని చూశారూ, ఇలాంటి పనితనం ఇప్పుడెక్కడుంది? ఇది పదిమందీ చూడాలండీ. పెద్దాయనా, మీరు సరేనంటే…”

“కత్తి నాది కాదు,” అన్నాడు మామగారు. “చీటీ చూడు. ఎవరి పేరుందో వాళ్ళనడుగు.”

బావగారు రాసిన చీటీయే ఇవాళ ఆయనకి అడ్డొచ్చింది. అందరి కళ్ళూ చిన్నకోడలి మీదికి మళ్ళాయి. ఆమె లేచి నిలబడింది. ముక్కు ఎర్రగా ఉంది, బట్టల నిండా మసి. ఇంతవరకు ఆ ఇంట్లో ఏ వస్తువు ఎక్కడుండాలో ఆమెనెవరూ అడగలేదు.

“మీ దగ్గర దీంతో ఏమైనా కోస్తారా అండీ?”

“అబ్బెబ్బే!” ఆయన హడలిపోయాడు. “ఎవరినీ ముట్టుకోనివ్వం. ఆ పూచీ నాది.”

“అయితే ఇవ్వనండీ. రేపు నలభై రెండు డబ్బాలు పంపాలి నేను.”

ఆ మాట అనేశాక బావగారి వైపు చూడటానికి ఆమెకి భయమేసింది. అయినా చూసింది. ఆయన అద్దాలపెట్టె తాళంచెవిని జేబులోంచి తీసి, అటూ ఇటూ చూసి, ఏం చేయాలో తెలియక మళ్ళీ జేబులోనే వేసుకుంటున్నారు.

“మరి ఆహ్వానాలు?” అన్నాడు ప్రదర్శనశాల ఆయన దిగాలుగా. “కత్తి లేకుండా ఏం ప్రదర్శించమంటారు?”

“పెట్టె తీసుకెళ్ళండి,” అంది తోడికోడలు. “దానికి చేసిన సేవ అంతా ఇంతా కాదు.”

ఈసారి మామగారు కూడా పగలబడి నవ్వాడు. ఆయన నవ్వు ఆ ఇంట్లో విని ఎన్నాళ్ళయిందో! నవ్వు ఆపుకుంటూ, అతిథిని కూర్చోమని చెయ్యి చూపించాడు.

“బెంగపడకు నాయనా. నీ అద్దంలోకి వేరేది చేసిస్తాను. కళ్ళు వచ్చాయి, చేతులు ఎక్కడికీ పోలేదు. పదును లేని కత్తి, ఉత్త అలంకారానికే. మూడు నెలలు ఆగగలవా?”

చిన్నకోడలు చేతిలోని కత్తి గట్టిగా పట్టుకుంది. మామగారు మళ్ళీ కొలిమి ముందు కూర్చుంటాడన్నమాట. ఆమెకి మళ్ళీ ఏడుపొచ్చింది, కానీ ఇది వేరే ఏడుపు.

“ఇప్పుడే మొదలుపెడదాం పద,” అని ఆయన కుర్చీలోంచి లేచాడు. “ఆసుపత్రికి వెళ్తూనే అనుకున్నాను. చూపు వస్తే ఒక్కసారి నిప్పు వెయ్యాలని. అందుకేగా నీకు అంతగా చెప్పి వెళ్ళాను పెద్దోడా, తడి తగలకుండా బూడిద నింపి, గోనెపట్టా కప్పి, కొలిమిని పడుకోబెట్టమని. పడుకోబెట్టావు కదూ?”

 బావగారి చూపు పెరటి తలుపు వైపు వెళ్ళింది. చిన్నకోడలు కూడా అటే చూసింది. తాను మధ్యాహ్నం కూర్చున్న ఆ ఇటుకలకి ఒకపక్కంతా మసి ఎందుకుందో ఆమెకి అప్పుడు అర్థమైంది.

“పడుకోబెట్టాను నాన్నా,” అన్నారు బావగారు. “ఇద్దరు మనుషుల్ని పెట్టి మరీ.”